నిశ్శబ్ద గది చోరీ కేసు

కొత్తరేవు జిల్లా ఆసుపత్రికి నిశ్శబ్దం మంజూరైంది. మంజూరైన సంగతి జనానికి తెలియాలి కదా అని రెండు ఆటోలకు మైకులు కట్టి ఊరంతా తిప్పారు.

ఇందులో తాయారు తప్పేమీ లేదు. ఉందంటే ఒక్కటే, ఆమె నోరు తెరిచి అడిగింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే గానీ, సర్కారును అడిగితే ఏం పెడుతుందో ముందుగా చెప్పగలిగిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

తాయారుకు ముప్ఫయ్యారేళ్ళు. స్టేషను రోడ్డులోని ఫ్లెక్సీల షాపులో, వెనక గదిలో ఒక్కతే కూర్చుని కంప్యూటరు మీద బోర్డులు తయారుచేస్తుంది. ఊళ్ళో ఏ పెద్దమనిషి పుట్టినరోజొచ్చినా ఆయన బుగ్గలకు రంగు అద్దేది ఆమే. విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు ఓపిగ్గా కూర్చోబెట్టి మాట్లాడి, "దీన్ని ఆటిజం అంటారమ్మా, జబ్బు కాదు, నువ్వు పుట్టిన తీరే అది" అని చెప్పేదాకా ఊరు ఆమెకు వేరే పేర్లు పెట్టింది. మొండిఘటం అన్నారు. పొగరన్నారు. ట్యూబులైటు జుయ్యిమంటుంటే ఆమెకు తలలో కందిరీగలు దూరినట్టుంటుంది. చెప్పకుండా ఎవరైనా చెయ్యి వేస్తే చురకపెట్టినట్టుంటుంది. అది పొగరెలా అవుతుందో ఊరే చెప్పాలి.

అక్క రంగనాయకిదీ అదే తీరు. పాపం, అక్కకు ఆ పేరైనా ఎవరూ చెప్పలేదు. నెల మధ్యలో రక్తం కనబడుతుంటే ఇదే ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళింది. నెత్తిన లైట్లు, తలుపు దగ్గర తోపులాట, "కాళ్ళు తియ్యవమ్మా, పెళ్ళయినదానివేగా" అని నర్సు కేక. భరించలేక రెండుసార్లూ బల్ల దిగి వచ్చేసింది. మూడోసారి మంచం మీద మోసుకెళ్ళారు. గర్భాశయ ముఖద్వారం క్యాన్సరు, ముదిరిపోయింది, ముందే వచ్చుంటే బాగుండేది అన్నారు. ముందే వచ్చిందండీ మహానుభావులారా, మీరే ఉండనివ్వలేదు అని చెప్పేవాళ్ళు లేకపోయారు. అక్క పోయింది. ముందుగా చూస్తే మాన్చగల జబ్బుతో మనిషి పోవడమేమిటని తాయారుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తనకూ అదే రాత రాసిపెట్టి ఉందేమోనని భయం కూడా.

ఆ భయంతోనే పరీక్షకు వెళ్ళింది. బల్ల ఎక్కింది. బల్ల దిగింది. అచ్చం అక్కలాగే దిగానని ఇంటికొచ్చాక తట్టి, ఆ రోజు అన్నం తినలేకపోయింది. మర్నాడు సూపరింటెండెంటుకు అర్జీ పెట్టుకుని, పిన్ని ఆండాళ్ళును వెంటబెట్టుకుని వెళ్ళింది.

సూపరింటెండెంటు డాక్టర్ పట్టాభిరామయ్యగారు పాతికేళ్ళ కిందట వైద్యం చేసేవారట. తర్వాత పరిపాలనలోకి వచ్చి కోలుకున్నారు. ఆయన అర్జీని దూరంగా పట్టుకుని చదివారు.

"అమ్మా, మీరు కోరినవి నాలుగు అంశములు. లైటు ఆర్పుట. చెప్పి ముట్టుకొనుట. గదిలో ఒక్కరే ఉండుట. వీలైనచో దూది పుల్ల మీ చేతికే ఇచ్చుట, నమూనా మీరే తీసుకొనుట. ఇవన్నియు విధానపరమైన నిర్ణయములు. ఒక్క లైటు ఆర్పుటకే విద్యుత్ విభాగము అనుమతి కావలెను."

"స్విచ్చి గోడకే ఉందండి," అంది తాయారు.

"స్విచ్చి ఉన్నది. ఉత్తర్వు లేదు." ఆయన అర్జీ తిరగేసి వెనక కూడా చూశారు. "పైగా మీరు రాసిన ఆటిజమనునది మా దగ్గర పిల్లల విభాగములో ఉన్నది. పన్నెండేళ్ళు దాటినవారికి లేదు."

"నాకుందండి."

"మీకుండవచ్చు. మాకు లేదు."

ఆండాళ్ళు పిన్ని ఊరుకునే మనిషి కాదు. "అయితే డాక్టరుగారూ, పన్నెండేళ్ళు నిండగానే అదెటు పోద్దండీ? మా పిల్లకి పోలేదు మరి. దారి తప్పిందేమో."

"ఆ విషయము పరిశీలనలో ఉన్నది," అన్నారు సూపరింటెండెంటు. పోనీ పిల్లల విభాగంలో చూపించుకోండని చీటీ రాశారు. అక్కడ తాయారును ఏనుగుబొమ్మ బల్ల మీద కూర్చోబెట్టి, బరువు తూచి, చేతిలో బెలూను పెట్టారు. గర్భాశయం సంగతి ఎత్తితే మాత్రం, పిల్లలకు ఆ పరీక్ష చెయ్యమన్నారు. పన్నెండు దాటితే ఆటిజం లేదు, దాటకపోతే పరీక్ష లేదు. బెలూనొక్కటే మిగిలింది. దాన్ని పిన్ని ఆటోవాడి కూతురికిచ్చేసింది.

కానీ సర్కారు కోపాన్నయినా తట్టుకోవచ్చు గానీ ప్రేమను తట్టుకోలేం. ఆ అర్జీ పైకి వెళ్ళింది. పైన ఎవరో కొత్తగా వచ్చిన పెద్ద అధికారికి అది తెగ నచ్చేసింది. ఆటిజం మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ, అదీ నిశ్శబ్దంలో, దేశంలోనే మొదటిసారి. పథకానికి 'మౌన సంజీవని' అని పేరు పెట్టారు. నిశ్శబ్దమంటే ఏమిటో అధ్యయనం చేయడానికి ఒక బృందాన్ని కొండ ప్రాంతానికి పంపారు. బృందం వారం రోజులు అక్కడే ఉండి, నిశ్శబ్దం ఉన్న మాట వాస్తవమేననీ, కాఫీ కూడా బాగుందనీ నివేదిక ఇచ్చింది.

ఆసుపత్రిలో ఆరో నంబరు గదిని ఎంచారు. అప్పటిదాకా అది మూలన చీకటిగా, చల్లగా, ఎవరూ పోకుండా ఉండేది. తాయారు దాన్ని చూసి, "ఇలాగే ఉంచెయ్యండి, చాలు" అంది. పనివాళ్ళు నవ్వారు. అలాగే ఉంచేస్తే పథకమెందుకవుతుంది? లారీలా గుర్రుమనే ఏసీ బిగించారు. మనసుకు శాంతిగా ఉంటుందని బుడగల మోటారుతో చేపల తొట్టి పెట్టారు. నాలుగు మూలలా స్పీకర్లు పెట్టి వేణుగానం వేశారు. గంధం వాసన చిమ్మే యంత్రం తగిలించారు. ఫొటోలు బాగా రావాలని పెళ్ళిపందిట్లో వాడే ఫోకస్ లైట్లు బల్ల మీదికి తిప్పారు. ఇన్ని చేశాక నిశ్శబ్దాన్ని కాపాడాలి కదా. అందుకు ఆరుగురు నిశ్శబ్ద పర్యవేక్షకులను వేసి, మాట్లాడినవాళ్ళ మీద ఊదడానికి తలా ఒక విజిలు ఇచ్చారు.

ప్రారంభోత్సవం ఫ్లెక్సీ ఆర్డరు తాయారు షాపుకే వచ్చింది. 'నిశ్శబ్ద మహోత్సవం' అని పైన పెద్దక్షరాలు, కింద పెద్దలవీ చిన్నలవీ ముఖాలు. ముఖాలన్నీ సర్దాక పరీక్ష ఎందుకో, ఎవరికో చెప్పే రెండు వాక్యాలకు చోటు చాల్లేదు. ఫోను చేసి అడిగితే, "వాక్యాలు తీసెయ్యండమ్మా, పక్క మండలం వారి ఫొటో ఇంకొకటుంది" అన్నారు.

పుల్లల కిట్లు కూడా దిగాయి, రెండు వందలు. తాయారు అడిగిన నాలుగో అంశం అదే కాబట్టి ఆ కబురు విని సంబరపడి పరుగెత్తింది. చూస్తే వాటిని అద్దాల పెట్టెలో వరసగా పేర్చి, ఎర్ర రిబ్బను కట్టి, ముట్టుకోరాదు అని అట్ట పెట్టారు.

"ఇవి వాడడానికి కదండీ," అంది తాయారు.

"వాడేస్తే ప్రారంభోత్సవానికొచ్చే అతిథిగారికి ఏం చూపించాలమ్మా?" అన్నారు సూపరింటెండెంటు.

కిట్లు రెండు వందలు కాబట్టి లబ్ధిదారులు కూడా రెండు వందల మంది ఉండాలని పైనుంచి లెక్క వచ్చింది. ఉన్నది తాయారొక్కతి. జిల్లా అంతా వెతికితే ఇంకా బోలెడు మంది ఉండే ఉంటారు, మొండిఘటాలూ పొగరుబోతులూ అనే పేర్ల కింద. కానీ వెతకడం లెక్కలో లేదు. పొదుపు సంఘాల ఆడవాళ్ళను బస్సుల్లో తెచ్చి, విజిలు మోగగానే చెవులు మూసుకోవాలని తర్ఫీదు ఇచ్చారు. భోజనంలో గుడ్డు ఉందని తెలిసి వాళ్ళు చాలా శ్రద్ధగా మూసుకున్నారు. తాయారు మూసుకోలేదు.

తర్ఫీదు ఇచ్చే ఆయన ఆమె ముందు ఆగాడు. "చెవులు మూసుకోలేదేంటమ్మా?"

"దూది పెట్టుకున్నానండి."

"దూది లేదండి మన తర్ఫీదులో. తీసెయ్యండి. పైగా మీరు నాకు తిన్నగా జవాబు చెబుతున్నారు. ఆటిజం ఉన్నవాళ్ళు అలా చెప్పరు. మీకు లేదనుకుంటాను." ఆయన రెండో వరసలోని ఒకావిడను చూపించాడు. "ఆవిణ్ణి చూడండి. ఎంత సహజంగా ఉందో."

ఆవిడ ఆ ఊరి బుర్రకథ దళంలో వంత పాడేది. సహజంగా ఉండక ఏం చేస్తుంది?

మహోత్సవం నాడు సన్నాయిమేళంతో అతిథిగారిని ఊరేగించి తెచ్చారు. బడిపిల్లలు 'నిశ్శబ్దం వర్ధిల్లాలి' అని గొంతులు పోయేలా అరిచారు. ఫ్యాను గాలికి జ్యోతి వెలగక అగ్గిపెట్టె ఖాళీ అయింది. మైకు కీచుమంది. రెండు వందల మంది చెవులు మూసుకున్నారు, ఈసారి విజిలు ఊదకుండానే. ఒక్కొక్కరికి శాలువా కప్పినప్పుడల్లా మేళం అందుకుంది. నిశ్శబ్దం గురించి చెప్పాలంటే మాటలు చాలవంటూ అతిథిగారు మొదలుపెట్టి, చాలేదాకా మాట్లాడారు. ఆఖర్న రెండు నిమిషాల మౌనం కార్యక్రమంలో ఉంది గానీ, సమయాభావం వల్ల రద్దు చేశారు.

తాయారు ముందు వరసలో, దూది లేని చెవులతో కూర్చుంది. కళ్ళు మూసుకుంటే అక్క బల్ల దిగుతూ కనిపించింది. ఇంకాసేపు ఉంటే తనూ లేచి ఇంటికి పోతుంది, ఇక జన్మలో ఈ గడప తొక్కదు. అది ఆమెకు తెలుసు. అద్దాల పెట్టె రెండడుగుల దూరంలో ఉంది. రిబ్బను కత్తిరించేశారు కాబట్టి మూత వదులుగా ఉంది.

ఆమె లేచింది. మూత ఎత్తి ఒక కిట్టు తీసుకుంది. ఎవరూ ఆపలేదు, అందరూ గ్రూపు ఫొటోకు సర్దుకుంటున్నారు. నడవా చివర దుప్పట్లు పెట్టే గది ఉంది. లోపల కిటికీలోంచి కాస్త వెలుతురు, ఉతికిన గుడ్డల వాసన, మనిషన్నవాడు లేడు. తలుపు గడియ వేసి, కిట్టు మీది బొమ్మలు రెండుసార్లు చూసి, బొమ్మలో చెప్పినట్టే చేసింది. నొప్పి లేదు. పుల్లను గొట్టంలో పెట్టి మూత బిగించింది. అతిథిగారి మెళ్ళో దండలు తియ్యడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు. ఇంతేనా అనుకుంది. ఇంత చిన్న పని జరక్కనే అక్క ప్రాణం పోయిందా అనుకుంటూ గడియ తీసింది.

ల్యాబు కిటికీలో కూర్చున్నాయన తలనొప్పని సభకు వెళ్ళలేదు. పేరూ వయసూ అడిగి గొట్టం తీసుకున్నాడు.

సభ ముగిశాక కిట్లు లెక్కపెడితే ఒకటి తక్కువ. ఆరు విజిళ్ళూ ఒక్కసారి మోగాయి. సూపరింటెండెంటుగారు మైకు అందుకుని, ప్రదర్శనలోని ప్రభుత్వ సొత్తు అపహరణకు గురైనదనీ, తీసినవారు మర్యాదగా చెప్పవలెననీ అన్నారు.

తాయారు నిలబడింది. "నేనే తీశానండి. వాడేశాను. ల్యాబులో ఇచ్చాను."

"వాడేశారా?" అన్నారాయన. దొంగతనమైనా ఓర్చుకునేవారేమో గానీ, వాడటం ఆయనకు మింగుడుపడలేదు.

ఆరో నంబరు గదికి సీలు వేశారు. కరెంటు పీకేశారు. చేపల్ని సూపరింటెండెంటు గారింటికి తరలించారు. గొట్టాన్ని ముట్టుకోవద్దని ల్యాబుకు ఉత్తర్వు వెళ్ళింది. తాయారు రోజూ షాపుకు వెళ్ళే దారిలో ఆగి అడిగేది. "నా రిపోర్టండి."

"అది మీ రిపోర్టు కాదమ్మా, మా ఆధారం," అనేవారు.

విచారణకు రెవెన్యూ శాఖలో పదవీ విరమణ చేసిన ఆదినారాయణమూర్తిగారిని వేశారు. జీవితమంతా చెరువు గట్ల ఆక్రమణలు విచారించిన మనిషి. సాంకేతిక సభ్యురాలిగా ఆసుపత్రి స్త్రీల వైద్యురాలు డాక్టర్ మెహరున్నీసాను పక్కన కూర్చోబెట్టారు.

"గొట్టములో ఉన్నది మీ నమూనాయే అనుటకు రుజువేమి?" అని అడిగారు విచారణాధికారి.

"పరీక్ష చేస్తే తెలుస్తుందండి," అంది తాయారు.

ఆయనకు అది సబబుగానే తోచింది. సొత్తు దుర్వినియోగమైందో లేదో తేలాలంటే సొత్తులో ఏముందో తేలాలి. "సదరు ఆధారమును అన్ని విధములా పరీక్షింపవలెను," అని ఉత్తర్వు ఇచ్చారు. మెహరున్నీసా తల వంచుకుంది. నవ్వు ఆపుకుంటోందని తాయారుకు ఆలస్యంగా తెలిసింది.

తర్వాతి విచారణలో ఆయన గొంతు సవరించుకుని అభియోగం చదివారు. "సదరు నమూనాయందు హెచ్‌పీవీ అను వైరస్, పదహారవ రకము, కనుగొనబడినది. ప్రభుత్వ సొత్తునందు అనుమతి లేకుండా సదరు వైరస్‌ను ఏల ప్రవేశపెట్టితిరో సంజాయిషీ చెప్పవలెను."

గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తాయారుకు వినబడటం మానేసింది. పక్కన కూర్చున్న పిన్ని గబుక్కున లేచింది. "అంటే ఏటమ్మా? రంగకి వచ్చిందేనా?" అంది డాక్టరు వైపు తిరిగి.

"కాదండి. అది రావడానికి దారి. దారి మధ్యలోనే పట్టుకున్నాం," అంది మెహరున్నీసా. "ఇప్పుడు చూస్తే ఆపెయ్యొచ్చు."

తాయారు వేళ్ళు బిగించి కుర్చీ అంచు పట్టుకుంది. "వైరస్ నాదండి. పుల్ల మీది. కిట్టు ఖరీదు జీతంలోంచి కట్టేస్తాను. ఇప్పుడు నన్ను డాక్టరుగారు చూడాలి. మా అక్కను చూడలేదు. నన్ను చూడాలి."

"వైద్యము విచారణ పరిధిలోకి రాదు," అన్నారు విచారణాధికారి.

అప్పుడు మెహరున్నీసా నోరు విప్పింది. "సార్, గట్టు ఆక్రమణ కేసులో మీరు గట్టు చూడకుండా ఎప్పుడైనా తీర్పు రాశారా?"

"ఎన్నటికిని రాయను. స్థల పరిశీలన ప్రథమ కర్తవ్యము."

"మరి ఈ నమూనా ఎక్కణ్ణించి వచ్చిందో ఆ స్థలాన్ని ఎవరూ పరిశీలించలేదు సార్. సాంకేతిక సభ్యురాలిగా నేను చూడాలి. సీలు వేసిన ఆరో నంబరు గదిలో. విచారణ గది కాబట్టి వేరేవాళ్ళు రాకూడదు." ఆమె తాయారు వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నువ్వు సరేనంటేనే తల్లీ."

తాయారు తల ఊపింది. ఆదినారాయణమూర్తిగారు ఇంతటి నిబంధన తనకే ఎందుకు తట్టలేదా అని చిన్నబుచ్చుకుని సంతకం చేశారు.

సీలు తీశారు. లోపల ఏసీ లేదు, వేణువు లేదు, వాసన లేదు, లైట్లు లేవు. చీకటిగా, చల్లగా, మొదట్లో ఎలా ఉందో అలాగే ఉంది ఆరో నంబరు గది. నేరం జరిగిన పుణ్యమా అని పథకం కోరిన నిశ్శబ్దం అక్కడ దొరికింది.

"ఇప్పుడు మోకాలి మీద చెయ్యి వేస్తాను. వెయ్యనా?"

"వెయ్యండి."

"ఇప్పుడు చల్లగా తగులుతుంది. వద్దంటే ఆపేస్తాను." మెహరున్నీసా నుదుటికి కట్టుకున్న చిన్న లైటు తాయారు కళ్ళలో పడకుండా కిందికి వంచింది. కాసేపటికి చెప్పింది. "తెల్లమచ్చ కనిపిస్తోంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాను, చిటుక్కుమంటుంది. నా కంటికి క్యాన్సరులా లేదు, దానికి ముందు దశ. ముక్క రిపోర్టు కూడా అదే అంటే, ఇంకోసారి స్థల పరిశీలన పెట్టి ఆ మచ్చను వేడితో కాల్చేస్తాను. అప్పుడూ ఇలాగే చెప్పి చేస్తాను."

రిపోర్టు అదే అంది. రెండో స్థల పరిశీలనలో కాల్చేసింది. కడుపులో పట్టేసినట్టయింది, అంతే. లేచి కూర్చుని తాయారు ఏడ్చింది. అక్క పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. "మా అక్కకి కూడా ఇంతే సరిపోయేదండి," అంది. మెహరున్నీసా చేతి తొడుగులు తీసేసింది. చెయ్యి పట్టుకోనా అని అడిగి, పట్టుకుంది.

తీర్పు వచ్చింది. నేరం రుజువైంది. ఇటువంటివారికి గుణపాఠం కావలెనని ఆదినారాయణమూర్తిగారు కఠిన శిక్షే వేశారు. ముద్దాయి ఏటా ఒకసారి ఆరో నంబరు గదికి వచ్చి, సాంకేతిక సభ్యురాలి సమక్షమున, లైట్లు లేకుండా స్థల పరిశీలనకు లోబడవలెను. మాఫీ లేదు. ఆండాళ్ళు పిన్ని ఆ తీర్పును నకలు తీయించి దేవుడి పటం వెనక పెట్టుకుంది.

ఆ తర్వాత అద్దాల పెట్టెలో కిట్లు తరగడం మొదలైంది. పొదుపు సంఘాల వాళ్ళు కొందరు పట్టుకెళ్ళారు, బుర్రకథ ఆవిడతో సహా. ఎక్కడెక్కడి మొండిఘటాలో బస్సులెక్కి వచ్చి పట్టుకెళ్ళాయి. వాడిన గొట్టం ల్యాబులో ఇస్తే ఒక కేసు, కేసుకో స్థల పరిశీలన. పథకం కింద ఒక్క పరీక్షా జరగలేదు గానీ, చోరీలు మాత్రం లక్ష్యానికి దగ్గరపడ్డాయని సూపరింటెండెంటుగారు పైకి రాశారు. పైవారు అభినందించి ఇంకో రెండు వందలు పంపారు.

తాయారు శిక్ష అనుభవించడానికి వెళ్ళిన రోజున నడవాలో ఒక పెద్దావిడ ఎదురైంది. పక్కన ఎదిగిన కూతురు, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

"అమ్మాయ్, దొంగతనం కేసులు ఎక్కడ రాస్తారమ్మా?" అని అడిగింది పెద్దావిడ మెల్లిగా. "మా పిల్ల చేత ఒకటి చేయించాలి."

"ఆరో నంబరు గదండి," అంది తాయారు. తర్వాత ఆ పిల్లకు కనబడేలా పక్కకు జరిగి, దూరంగానే నిలబడి చెప్పింది. "లోపల లైటు ఉండదు. చెప్పకుండా ఎవరూ ముట్టుకోరు."

ఆ పిల్ల ఒక చెవి మీది హెడ్‌ఫోను కాస్త పక్కకు తీసింది. "మళ్ళీ చెప్పండి," అంది.

తాయారు మళ్ళీ చెప్పింది.